ఇద్దరికీ తెలిసిన సంగతి ఇద్దరూ ఎందుకు మాట్లాడుకుంటారు? ఒక కథ, ఒక సన్నివేశం: కేస్ స్టడీ

నేపథ్యం

తిరుపతిలో కథలు రాసేవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ రాతప్రతులు చదివి, ఎక్కడ కథ నిలబడుతోందో ఎక్కడ కూలబడుతోందో చెప్పడం చాలా ఏళ్ళుగా నా పని. ఇది అలా నా దగ్గరికి వచ్చిన ఒక కథ సంగతి. రచయిత అనుమతితోనే రాస్తున్నాను. ఆయన ఊరు, ఉద్యోగం, ఇంటి వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. కథలోని వాక్యాలు కూడా ఆయన సరేనన్నంత మేరకే ఇచ్చాను. కథావస్తువును మాత్రం మార్చలేదు. మామిడి తీసేసి ఇంకో పంట పెడితే సమస్య కూడా ఇంకోటైపోతుంది.

రచయితది చిత్తూరు దగ్గర మామిడి తోటల ఊరు. చదువుకుని టౌనులో ఉద్యోగం చేసుకుంటున్నారు. అప్పటికే కొన్ని కథలు ఆదివారం సంచికల్లో వచ్చాయి. వర్ణన ఆయన బలం. మాగిన కాయ కింది వరసలో నలిగి, రసం ట్రాలీ పలక సందుల్లోంచి కారి, టైరు మీద బంకలా పేరుకోవడం గురించి ఆయన రాసిన పేరా చదివితే ఈగల చప్పుడు కూడా వినపడుతుంది. కానీ మనుషులు నోరు తెరవగానే కథ చచ్చిపోయేది. పత్రికల నుంచి తిరిగొచ్చిన కథలన్నిటి మీదా దాదాపు ఒకటే మాట: సంభాషణలు కృతకంగా ఉన్నాయి.

సమస్య

కథ 2025 మామిడి సీజన్‌లో జరుగుతుంది. ఆ ఏడాది గుజ్జు తీసే మామిడి రకం తోతాపురి విరగకాసింది. అంతకుముందు ఏడాది గుజ్జే ఫ్యాక్టరీల్లో నిల్వ ఉండిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటన వచ్చింది. మొత్తం 12. ఈ క్యూలో ఒక రాత్రి తండ్రీ కొడుకూ ట్రాక్టరు పక్కన కూర్చుని ఉంటారు. కొడుకు చెన్నైలో పని చేస్తాడు, సెలవు పెట్టి వచ్చాడు. కథ మొత్తానికి గుండెకాయ లాంటి సన్నివేశం ఇది. మొదటి ప్రతిలో ఇలా ఉండేది:

"నాన్నా, ఈ ఏడాది తోతాపురి దిగుబడి బాగా పెరిగింది. పోయిన ఏడాది గుజ్జే ఫ్యాక్టరీల్లో అమ్ముడుపోలేదు. ఫ్యాక్టరీలు ఎనిమిది రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం నాలుగు రూపాయలు ఇస్తుందని చెప్పారు. అయినా మనం రెండు రోజులుగా ఈ వరుసలోనే ఉన్నాము. మీరు ఈ వ్యవసాయం మానేసి నాతో వచ్చేయండి."

"బాబూ, ఈ భూమి నాకు తల్లి. మీ తాత చెమటోడ్చి నాటిన చెట్లివి. నా కంఠంలో ప్రాణం ఉండగా వీటిని నరకనివ్వను," అని ఆవేదనగా పలికాడు వృద్ధుడు.

చెప్పిన విషయాల్లో ఒక్కటీ తప్పు లేదు. తండ్రి మనసులో ఉన్నదీ అదే, కొడుకు మనసులో ఉన్నదీ అదే. కానీ రెండు రోజులుగా అదే క్యూలో ఉన్న తండ్రికి, తాము క్యూలో ఉన్నామని కొడుకు ఎందుకు చెబుతాడు? ధర సంగతి ఆ రోడ్డు మీద తెలియనివాడు ఎవరు? కొడుకు తండ్రికి చెప్పడం లేదు. తండ్రి భుజం మీదుగా పాఠకుడికి చెబుతున్నాడు. తండ్రి జవాబు కూడా అంతే. ముందే రాసిపెట్టుకున్న ఉపన్యాసాలు ఇద్దరూ వంతులవారీగా చదివారు. ఇద్దరిలో ఎవరూ ఎదుటివాడి మాట విని మారలేదు, తడబడలేదు, దారి మళ్ళలేదు.

ఏమేం చేసి చూశాం

రచయిత మొదట పట్టుకున్నది యాసను. తిరగరాసి తెచ్చిన ప్రతిలో కొడుకు ఇలా మొదలుపెట్టాడు: "నాయనా, ఈ యేడు తోతాపురి శానా కాసింది. పోయినేడు గుజ్జే ఫ్యాక్టరీల్లో అట్లనే ఉండాది. ఎనిమిది రూపాయలు ఇస్తామని చెప్పినారు, గవర్నమెంటోళ్ళు నాలుగు అన్నారు..."

చెవికి హాయిగా ఉంది. కానీ సమస్య వెంట్రుకవాసి కూడా కదల్లేదు. యాస మనిషి ఎక్కడివాడో చెబుతుంది. ఈ మాట ఇప్పుడు ఎందుకు అంటున్నాడో చెప్పదు. మాట్లాడే కారణం లేని చోట ఎంత మంచి యాస పెట్టినా అది అదే ఉపన్యాసానికి తొడిగిన చొక్కా. అయినా ఈ ప్రయత్నం ఊరికే పోలేదు. "నాన్నా, మీరు" పోయి "నాయనా, నువ్వు" వచ్చింది. ఆ ఇంట్లో తండ్రిని మీరు అనే కొడుకు ఉండడు. ఆ పిలుపు మారాక తండ్రీ కొడుకుల మధ్య దూరం ఎంతో రచయితకే మొదటిసారి సరిగ్గా కనిపించింది. దాన్ని చివరిదాకా ఉంచాం.

తర్వాత మాటల మధ్య చేష్టలు పెట్టారు. కండువాతో మొహం తుడుచుకున్నాడు, నిట్టూర్చాడు, దూరంగా చూశాడు, బీడీ వెలిగించాడు. చేష్టలున్న ప్రతికి నేను ఒక పరీక్ష పెడతాను: ఆ చేష్ట తీసేస్తే తర్వాతి మాట మారుతుందా? ఇక్కడ ఏది తీసేసినా ఏదీ మారలేదు. ఏ ముసలాయన చేతైనా ఏ కథలోనైనా చేయించగల పనులవి. సినిమాలో నటుడు కూర్చునే తీరుకు అర్థం ఉండొచ్చు, ఎందుకంటే ఆ మొహం మనకు కనబడుతోంది. కాగితం మీద నిట్టూర్పుకు మొహం లేదు.

మూడోది కత్తిరింపు. ధర, సబ్సిడీ, నిల్వలు అన్నీ సంభాషణలోంచి తీసి కథకుడి గొంతులో మూడు వాక్యాలుగా పెట్టమన్నాను. ప్రతి శుభ్రపడింది. చాలామంది సంపాదకులు అక్కడితో సరే అనేవాళ్ళేమో. నాకు సరిపోలేదు. సమాచారం పోయాక మిగిలినవి "వచ్చెయ్", "రాను" అనే రెండు మాటలే. ఇద్దరూ తమ మనసులో ఉన్నది తడుముకోకుండా, పూర్తి వాక్యాల్లో చెప్పేస్తున్నారు. రెండు రాత్రులు నిద్రలేని మనుషులు అలా మాట్లాడరు. అందులోనూ తండ్రీ కొడుకులు.

అప్పుడు రచయిత తనంతట తనే ఒక పని చేశారు. సెలవు రోజున ఫ్యాక్టరీ రోడ్డులో టీ బంకు దగ్గర కూర్చుని, చెవిన పడ్డ మాటలన్నీ నోట్‌బుక్కులో రాసుకొచ్చారు. వాటిని ఉన్నవున్నట్టు కథలో పెడితే ఏ పాఠకుడూ రెండో పేజీకి పోడు. నిజజీవితంలో మాటలు నలభై దారుల్లో పోతాయి, చెప్పిందే చెబుతారు, మధ్యలో ఫోను వస్తుంది. కానీ ఆ నోట్‌బుక్కును ఇద్దరం కలిసి చదువుతుంటే ఒక చోట ఆగిపోయాం. ఒకాయన అడిగాడు, "ఎన్ని టన్నులు నీది?" రెండో ఆయన జవాబు: "నేను నిన్న రాత్రే వచ్చినా." అడిగింది బరువు, చెప్పింది సమయం. ఎందుకంటే ఆయన తలలో ఉన్నది ఒక్కటే, తన ముందుకు ఎవరైనా దూరుతారేమోనన్న టెన్షన్. అడిగినవాడు కూడా బరువు కోసం అడగలేదు, క్యూలో ఎవరు ముందో తేల్చుకోవడానికే అడిగాడు. ఇద్దరూ క్యూ గురించి ఒక్క మాటా అనలేదు, ఇద్దరికీ అంతా అర్థమైంది.

మలుపు

ఇక్కడి నుంచి వాక్యాలను పట్టుకోవడం ఆపేశాం. మాట్లాడేవాళ్ళ గురించి ఒకే ప్రశ్న వేశాను: ఈ రాత్రి తండ్రికి కొడుకు నుంచి ఏం కావాలి? కొడుక్కి తండ్రి నుంచి ఏం కావాలి?

రచయిత మొదటి జవాబు: తండ్రికి గౌరవం కావాలి, కొడుక్కి తండ్రి సుఖంగా ఉండటం కావాలి. ఇలాంటి జవాబులు నాకు తరచూ వస్తాయి, వాటితో సన్నివేశం రాయలేం. గౌరవాన్ని ఎవరూ అర్ధరాత్రి రోడ్డు మీద చేతికి ఇవ్వలేరు. తెల్లారేలోపు ఇవ్వగలిగేది, లేదా ఇవ్వనని చెప్పగలిగేది ఏదో చెప్పమని పట్టుబట్టాను. చాలాసేపటికి ఆయన చెప్పింది ఇది. పోయిన ఏడాది గేటు దగ్గర కాయ చూసే మనిషి సగం లోడు బాగాలేదని పక్కకు తోసేశాడు. తండ్రి ఎదురు చెప్పలేకపోయాడు. ఈసారి గేటు తీసేటప్పుడు చదువుకున్న కొడుకు పక్కన నిలబడాలి. అదీ ఆయనకు కావలసింది. కొడుకేమో చెట్లు కొట్టించి భూమిని లేఅవుట్‌కు ఇచ్చే అగ్రిమెంటు బ్యాగులో పెట్టుకుని వచ్చాడు. అతనికి సంతకం కావాలి.

రెండో ప్రశ్న మొదటిదానికంటే ముఖ్యం. ఆ మాట నోరు తెరిచి ఎందుకు అడగలేకపోతున్నారు? తండ్రి అడగలేడు, ఎందుకంటే ఈ మట్టిలో ఉండొద్దు, పో అని కొడుకును పట్నానికి తరిమింది ఆయనే. కొడుకు అడగలేడు, ఎందుకంటే లోడు దిగని రాత్రి ఆ కాగితం తీస్తే తండ్రి ఓడిపోయాడని మొహం మీద చెప్పినట్టే.

ఇది రచయితకు అర్థం కావడానికి నేను భారతం ఎత్తుకున్నాను. మా చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది. పగలు కథ చెబుతారు, రాత్రి వీధినాటకం ఆడతారు. అర్జునుడు తపసు మాను అనే ఎత్తయిన స్తంభం ఎక్కడం, చివరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడి వధ చూడటం ఆయనకు చిన్నప్పటి జ్ఞాపకం. కృష్ణుడు నిద్రపోతుంటే దుర్యోధనుడు తల దగ్గర, అర్జునుడు కాళ్ళ దగ్గర ఎదురుచూసే ఘట్టం గుర్తు చేశాను. ఇద్దరూ ఎందుకొచ్చారో ఇద్దరికీ తెలుసు, కృష్ణుడికీ తెలుసు, చూసే ఊరికంతా తెలుసు. అయినా కుశల ప్రశ్నలు నడుస్తాయి, ఎవరు ముందు వచ్చారన్న చర్చ నడుస్తుంది. ఆ చర్చంతా యుద్ధం గురించే. యుద్ధం అన్న మాట రాకముందే జనం కళ్ళార్పకుండా చూస్తారు. ఆయన ఏమీ అనకుండా ప్రతి తీసుకుని వెళ్ళిపోయారు. తిరిగొచ్చిన సన్నివేశం ఇది:

"పట్ట ఆ పక్క జారింది. చూడు."

"చూసినా నాయనా."

"మళ్ళీ చూడు. వాన వచ్చేట్టుండాది."

"మబ్బే లేదు."

ముసలాయన పైకి చూడలేదు. జేబులోంచి టోకెన్ చీటీ తీసి, వెనక ట్రాక్టరు లైటు వెలుగులో చదివి, మళ్ళీ మడిచాడు.

"నీ బస్సు ఎన్నింటికి?"

"ఐదుకు."

"ఐదుకు గేటు తీయరు."

"తీయరు."

"తొమ్మిదికి తీస్తారు."

"నాకు డ్యూటీ ఉండాది నాయనా."

"ఉండమని నేనంటినా? తొమ్మిదికి తీస్తారని చెప్తా ఉండా."

కొడుకు లేచి పట్ట తాడు బిగించాడు. అది ముందే బిగువుగా ఉంది.

"కింద చెమ్మగా ఉండాది. నీ బ్యాగులో పాత కాగితం ఏదన్నా ఉంటే ఇయ్యి, పరుచుకుంటా."

"లేదు," అన్నాడు కొడుకు. మెడలో టవలు తీసి ఇచ్చాడు.

ఇందులో భూమి లేదు, తల్లి లేదు, చెమట లేదు. "ఉండమని నేనంటినా?" అన్న వాక్యంలో ఆ తండ్రి మొత్తం ఉన్నాడు. అనలేదు కాబట్టే అన్నాడు. చేష్టలు కూడా ఇప్పుడు పని చేస్తున్నాయి. బిగువుగా ఉన్న తాడును కొడుకు మళ్ళీ బిగించడం తీసేస్తే అతని అపరాధ భావం కథలో ఎక్కడా ఉండదు. "ఆవేదనగా పలికాడు" లాంటివన్నీ ఎవరూ చెప్పకుండానే రాలిపోయాయి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియడానికి ఒక్క "అన్నాడు" చాలింది. ఆ ఒక్కటీ "లేదు" పక్కన పడటం మంచిదైంది, అబద్ధం దగ్గర చదివేవాడు అరక్షణం ఆగుతాడు.

మళ్ళీ ఎక్కడ తట్టుకుంది

ఇంత బాగున్న సన్నివేశాన్ని మా కథల కూటమిలో చదివిస్తే సగం మందికి చివరి రెండు వాక్యాలు అందలేదు. "కాగితం లేదంటే లేదు, అందులో ఏముంది?" అని అడిగారు. వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే. పాత్రలు దాచుకున్నదాన్ని పాఠకుడి దగ్గర కూడా దాస్తే అది లోతు కాదు, తలుపేసుకోవడం. బ్యాగులో ఏముందో పాఠకుడికి ముందే తెలిసి ఉండాలి. అప్పుడే ఆ "లేదు" తగులుతుంది.

రచయిత మొదట కొడుకు మనసులోని ఆలోచనగా దాన్ని చెబుదామనుకున్నారు. నేను వద్దన్నాను. ఆలోచనలో చెబితే మళ్ళీ పాఠకుడి కోసం చేసిన ప్రకటన అవుతుంది. దానికంటే ముందున్న ఇంటి సన్నివేశంలో తల్లి అన్నం క్యారియరు బ్యాగులో సర్దుతుంటే, "ఆ కవరు నలగనీయొద్దమ్మా, స్టాంపు పేపరు," అని కొడుకు అనేట్టు పెట్టాం. తల్లి ఏమీ అడగదు, కవరు పక్కకు పెట్టి క్యారియరు సర్దుతుంది. ఆ తర్వాత కూటమిలో ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు.

రెండో చిక్కు ధర. సమాచారం అంతా తీసేశాక, చిత్తూరు బయట చదివేవాళ్ళకు ఈ క్యూ ఎందుకో తెలియదు. కథకుడి మూడు వాక్యాలు వార్తా కథనంలా అతుకుపెట్టినట్టు కనిపించాయి. తెలియనివాడు ఒకడు ఉంటేనే తెలిసినవాడు చెప్పడానికి వీలు. ఇక్కడ తెలియనివాడు కొడుకే. తెలుసని అనుకుంటున్నాడు, ఫోనులో చదివాడు. అతన్ని సవరించడానికి ర్యాంపు వ్యాపారిని, అంటే ఫ్యాక్టరీ బయట రైతుల దగ్గర కాయ కొనేవాణ్ణి, మోటారు సైకిలు మీద రప్పించాం.

"పెద్దాయనా, మూడు రూపాయలకైతే ఇప్పుడే దించుకుంటా."

"మూడా? ఎనిమిది అని చెప్పినారు గదా. గవర్నమెంటు నాలుగు కలిపితే పన్నెండు," అన్నాడు కొడుకు.

"చెప్పినారప్పా. చెప్పినోళ్ళను ఈడికి పిలువు, దించుకుంటారు."

అవే అంకెలు. మొదటి ప్రతిలో ఇవే కథను చంపాయి. ఇప్పుడు కొడుకు వాటిని కర్రలా ఎత్తాడు, వ్యాపారి ఒక్క మాటతో లాక్కున్నాడు. తండ్రి చూస్తున్నాడు. గేటు దగ్గర అండగా ఉంటాడని ఆశపడ్డ చదువుకున్న కొడుకు, ఒక ర్యాంపు వ్యాపారి ముందే తేలిపోవడం ఆయన కళ్ళ ముందే జరిగింది. ఇది మేం ముందు అనుకున్నది కాదు. ఎవరికి ఏం కావాలో స్పష్టంగా ఉంటే మూడో మనిషి వచ్చినా కథ తన దారి తనే వెతుక్కుంటుంది.

సన్నివేశం మొదలు, ముగింపు కూడా మారాయి. మొదటి ప్రతి ట్రాక్టరు ఊరు దాటడంతో మొదలై గేటు తీయడంతో ముగిసేది. ఇప్పుడు "పట్ట జారింది" అన్న మాటతోనే మొదలవుతుంది, బస్సు టైముకు ముందే ఆగుతుంది. కొడుకు ఉన్నాడా పోయాడా అన్నది తర్వాతి సన్నివేశం మొదటి వాక్యం చెబుతుంది.

ఒక చోట మాకు ఏకాభిప్రాయం కుదరలేదు. చివర్లో తండ్రి ఒంటరిగా చెట్టును తడుముతూ "మా నాయన నాటినాడు" అనే వాక్యం ఆయన వదులుకోలేదు. అది లేకపోతేనే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం. కథ ఆయనది, వాక్యం ఉంది.

దీన్నుంచి నేను తీసుకున్నది

సంభాషణ బాగాలేదని ఎవరైనా ప్రతి తెస్తే ఇప్పుడు నేను సంభాషణ చూడను. మాట్లాడే ఇద్దరి పేర్ల కింద, తెల్లారేలోపు ఏం కావాలి, ఎందుకు అడగలేరు అన్న రెండు జవాబులు రాయమంటాను. జవాబులు దొరకకపోతే చాలాసార్లు ఆ సన్నివేశమే అక్కర్లేదని తేలుతుంది, ఒక పేరాలో చెప్పేసి ముందుకు పోవచ్చు. జవాబులు దొరికితే వాక్యాలను రచయితే బాగు చేసుకుంటారు. ఈయన విషయంలో యాసను నేను ముట్టుకోనే లేదు. చెవి ఆయనకు మొదటి నుంచీ ఉంది. మాటకు కారణం దొరికాక ఆ చెవి పని చేసింది. టీ బంకు నోట్‌బుక్కు లాంటిది ప్రతి రచయితకూ ఉండాలంటాను, కాకపోతే అందులో వెతకాల్సింది కథలో పెట్టుకోవడానికి పనికొచ్చే మాటల్ని కాదు. అడిగినదానికి, చెప్పినదానికి పొంతన లేని చోట్లను.

ఈ పద్ధతి అన్నిచోట్లా నడవదు. అదే రచయిత తర్వాతి కథ తిరుపతి గంగమ్మ జాతరలో జరుగుతుంది. ఆస్తి పంపకాల తర్వాత మాటలు లేని అన్నదమ్ములు. జాతరలో వేషం కట్టినవాళ్ళు బూతులు తిట్టడం ఆచారం, తిట్టించుకున్నవాళ్ళు కోపగించుకోరు. తమ్ముడు వేషంలో అన్న ఇంటి ముందుకు వచ్చి తిడతాడు. ఇక్కడ మనసులో మాట దాచాల్సిన పని లేదు, ఆచారమే నోటికి తాళం తీసింది. కాబట్టి ప్రశ్న తిరగబడింది. తమ్ముడు ఏ తిట్టు దగ్గర ఆచారం దాటి నిజంగా తిట్టాడు, ఆ సంగతి అన్నకు ఎట్లా తెలిసింది? రచయిత ప్రస్తుతం తిట్లన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని, వాటిలో వేషానివి ఏవో తమ్ముడివి ఏవో విడదీస్తున్నారు. ఒకదాని పక్కన మాత్రం ఇంకా ప్రశ్నార్థకం ఉంది. అందులో వాళ్ళమ్మ పేరు వస్తుంది.